గ్రున్వాల్డ్ యుద్ధానికి స్నేహితులతో వెళ్లాలంటే

ఏటా జూలై 15కి దగ్గరగా వచ్చే శనివారం నాడు, పోలండ్ ఉత్తరాన స్టెంబార్క్ అనే పల్లె పక్క మైదానంలో వెయ్యి మంది దాకా ఇనుప కవచాలు తొడుక్కుని 1410 నాటి గ్రున్వాల్డ్ యుద్ధాన్ని మళ్లీ చేసి చూపిస్తారు. చూడడానికి వేలకు వేల జనం వస్తారు. ఊరికే చూసి రావడమైతే పెద్ద పని కాదు, వీసా, టికెట్లు, ఒక కారు ఉంటే చాలు. ఇక్కడ రాస్తున్నది చూసేవాళ్లను ఆపే తాడుకు అవతల, ఆ సైన్యంలో నిలబడాలనుకునే ముగ్గురు నలుగురు స్నేహితుల కోసం.

ఈ సరదా పుట్టగానే చాలామంది ముందు కత్తి ఎక్కడ దొరుకుతుందా అని వెతుకుతారు. అది తిరగేసిన వరస. ముందు మిమ్మల్ని తమలో చేర్చుకునే బృందం కావాలి. తర్వాత బట్టలు, ఆ తర్వాత వీసా, చివర్లో టికెట్లు. కత్తి సంగతి మొదటి ఏడాది పూర్తిగా మరిచిపోయినా నష్టం లేదు.

కథ తెలుసుకుని వెళ్లండి

బాల్టిక్ తీరంలో పాతుకుపోయిన ట్యూటానిక్ ఆర్డర్ ఒక పక్షం. సన్యాస దీక్ష తీసుకుని కత్తి పట్టిన జర్మన్ యోధుల సంస్థ అది. పోలండ్ రాజు యగియెవో, ఆయన పినతండ్రి కొడుకు, లిథువేనియా పాలకుడు విటౌటస్ రెండో పక్షం. యుద్ధం మొదలుకాకముందు ఆర్డర్ దూతలు ఒర తీసిన రెండు కత్తులు తెచ్చి యగియెవోకు ఇచ్చారు, ధైర్యం చాలకపోతే ఇవి ఉంచుకోండి అన్న ఎగతాళితో. లిథువేనియా గుర్రపు దళం ముందుగా దూకింది, కాసేపటికి వెనక్కి తగ్గింది. అది పారిపోవడమా, ఎత్తుగడా అని చరిత్రకారులు ఇప్పటికీ వాదించుకుంటూనే ఉన్నారు. చివరికి ఆర్డర్ అధిపతి ఉల్రిష్ ఫాన్ యుంగింగెన్ ఆ మైదానంలోనే చనిపోయాడు. మన వైపు చూసుకుంటే, ఆ ఏటికి కొండవీడులో పెదకోమటి వేమారెడ్డి రాజ్యం చేస్తున్నాడు, ఆయన కొలువులో శ్రీనాథుడు విద్యాధికారి.

ఇంత కథ ఎందుకంటే, మైదానంలో జరిగేదంతా ఈ వరసలోనే జరుగుతుంది. కత్తుల ఘట్టం వచ్చినప్పుడు అందరూ నిశ్శబ్దంగా ఉంటారు, ‘బొగురొజిత్సా’ అనే పాత మేరీమాత కీర్తన మొదలైతే పోలిష్ పక్షమంతా గొంతు కలుపుతుంది. ఏం జరుగుతోందో తెలియనివాడు ఆ సమయంలోనే పక్కవాణ్ని ఏదో ఒకటి అడుగుతాడు.

నెట్‌లో వెతికేటప్పుడు చిన్న చిక్కుంది. జర్మన్లు దీన్ని టానెన్‌బర్గ్ అంటారు, లిథువేనియన్లు జాల్గిరిస్ అంటారు. 1914లో అదే ప్రాంతంలో రష్యన్ల మీద గెలిచిన యుద్ధానికి కూడా జర్మన్లు టానెన్‌బర్గ్ అనే పేరే పెట్టుకున్నారు. ఏడాది కలిపి వెతక్కపోతే తుపాకులూ ఫిరంగులూ వచ్చిపడతాయి. రెండో ప్రపంచయుద్ధంలో జర్మన్ల చేతిలో పోలండ్ పడ్డ బాధ అక్కడివాళ్లు మరిచిపోలేదు. నల్ల శిలువ వేసుకున్న ఆర్డర్ సైనికుణ్ని చూసి హిట్లర్ జోకు వేయాలనిపించినా నోరు కట్టేసుకోండి.

బృందం దొరకనిదే ప్రయాణం లేదు

నేరుగా మైదానానికి వెళ్లి నిలబడితే ఎవరూ లోపలికి రానివ్వరు. పాల్గొనేవాళ్లు ముందుగా నిర్వాహకుల దగ్గర నమోదు కావాలి, ఏదో ఒక జెండా కింద, అంటే ఒక దళంలో ఉండాలి, బట్టలూ సామగ్రీ తనిఖీలో నెగ్గాలి. విదేశం నుంచి మొదటిసారి వచ్చేవాళ్లకు దీనికి ఉన్న ఒకే దారి, ఏటా అక్కడికి వచ్చే బృందంతో కలవడం. పోలండ్‌లో వీటిని బ్రాత్స్త్వో అంటారు. చాలా ఊళ్లలో ఉన్నాయి, ఎక్కువ మంది ఫేస్‌బుక్‌లో కనిపిస్తారు. చెక్, జర్మన్, లిథువేనియన్ బృందాలు కూడా వస్తాయి. మీలో ఒకరు జర్మనీలోనో పోలండ్‌లోనో చదువుకుంటుంటే పని సగం అయినట్టే. ఆ మనిషి వారాంతాల్లో దగ్గరి బృందం సాధనకు వెళ్లి ముఖపరిచయం చేసుకోవచ్చు. ఇరవై మెయిళ్లు చేయలేని పని ఒక్క సాయంత్రం చేస్తుంది.

వచ్చే జూలైకి వెళ్లాలంటే ముందటేడు దసరా దీపావళి నాటికే ఉత్తరం రాయండి. గుంపులో ఒక్కరే రాయాలి. నలుగురూ నాలుగు రకాలుగా మెసేజ్‌లు పెడితే అవతలివాళ్లకు విసుగొస్తుంది. ఎంతమంది, వయసులు, ఇంతకుముందు ఏం చేశారు (ఏమీ చేయకపోతే ఏమీ చేయలేదనే), ఎవరికి పోరాడాలని ఉంది, ఎవరు శిబిరంలో పని చేస్తారు, ఏ బట్టలు మీరే తెచ్చుకుంటారు, ఏవి అరువు కావాలి, తిండి విషయంలో పట్టింపులు ఏమిటి. ఇవన్నీ పది లైన్లలో వచ్చేయాలి. మేం అన్నీ నేర్చుకుంటాం, ఏ పనైనా చేస్తాం అన్న మాటకు అక్కడ మంచి విలువ ఉంది. మేం వీడియోలు తీసి మీకు ప్రచారం చేస్తాం అన్న మాటకు లేదు.

జవాబు వచ్చాక రుసుము ఎంత, గుడారంలో చోటు ఉందా, వంట ఉమ్మడిగానా అన్నది తేల్చుకోండి. ఉమ్మడి వంటకు డబ్బులు వేసుకుంటుంటే మీ వాటా ముందే ఇచ్చేయండి. అతిథులం కదా, వాళ్లే పెట్టుకుంటారులే అనుకోవద్దు. అది వాళ్ల సొంత జీతాలతో, సెలవులు పెట్టుకుని నడుపుకునే సరదా.

ఎవరు ఏం చేయాలి

మీ నలుగురికీ కవచం తొడుక్కుని ముందు వరసలో ఉండాలనే ఉంటుంది. మొదటి ఏడాది అది జరగదు, జరగకపోవడమే మంచిది. కవచంలో పోరాడేవాళ్లు నెలల తరబడి తమ బృందంతో సాధన చేసి ఉంటారు. పక్కవాడు ఎటు తిరుగుతాడో వాళ్లకు చూడకుండానే తెలుస్తుంది. మధ్యలో కొత్తవాడు దూరితే దెబ్బ అతనికే కాదు, అతని పక్కవాడికీ తగులుతుంది.

కొత్తవాళ్లకు నేను చెప్పే పాత్ర నీళ్లు అందించేవాళ్లది. పాత కాలపు బట్టల్లో, బట్ట చుట్టిన సీసాలు పట్టుకుని వరసల మధ్య తిరుగుతుంటారు. ఇనుప చేతొడుగులు వేసుకున్నవాడు మూత తిప్పలేడు, సీసాను సరిగా పట్టుకోలేడు. తల వెనక్కి వంచి నోరు తెరుస్తాడు, మీరే పోయాలి. శిరస్త్రాణం ముఖం మీది రేకు పైకెత్తగానే లోపల్నుంచి వేడి ఆవిరి మీ చేతికి కొడుతుంది. యుద్ధాన్ని అంత దగ్గరగా చూసే అవకాశం ఇంకే పాత్రకూ లేదు. పైగా జూలై ఎండలో ఆ బరువు కింద సొమ్మసిల్లేవాళ్లు ఉంటారు కాబట్టి, అందరికంటే అవసరమైన మనుషులూ వీళ్లే. మర్నాటికి మీ పేరు తెలియనివాళ్లు ఉండరు.

దీని తర్వాత శిబిరంలో వంట, కట్టెలు, జెండా మోయడం, కవచం తొడిగే సాయం ఉన్నాయి. ఆడవాళ్లకు శిబిరం పనులే అని ఏమీ లేదు. విల్లు పట్టేవాళ్లలో, కవచంలో పోరాడేవాళ్లలో కూడా ఆడవాళ్లుంటారు. నియమం ఒక్కటే, సాధన ఉండాలి.

మన రంగు చూసి మొహమాటపడేవాళ్లకు ఒక మాట. విటౌటస్ సైన్యంలో తాతార్లు అనే ఆసియా మూలాల గుర్రపు యోధులు ఉన్నారు, తొఖ్తమిష్ ఖాను కొడుకు జలాలుద్దీన్ వాళ్ల నాయకుడు. ఆ దళాన్ని ఆడే బృందాలు కూడా ఉంటాయి. అంతమాత్రాన ఇంట్లో ఉన్న షేర్వానీ, తలపాగా పట్టుకుని బయల్దేరకండి. తాతార్ వేషానికి కూడా తవ్వకాల్లో దొరికిన ఆధారాలతో కుట్టిన బట్టలే ఉండాలి. మామూలు పోలిష్ పనివాడి వేషంలో మీరు నిలబడితే ఎవరూ అభ్యంతరం పెట్టరు.

బట్టలు: ఇక్కడే ఎక్కువ టైం పెట్టండి

తనిఖీ చేసేవాళ్లు ముందు చూసేది గుడ్డ. అవిసె నారతో నేసిన లినెన్, గొర్రె ఉన్ని, తోలు. ఈ మూడే. పాలియెస్టర్ కలిసిన గుడ్డ దూరం నుంచే మెరుపులో పట్టిస్తుంది. మనకు చేతికందే నూలు వాడేద్దాం అనిపిస్తుంది గానీ, అక్కడి మామూలు మనిషి లోబట్ట లినెనే. హైదరాబాద్‌లో, విజయవాడలో షర్టుల కోసం అమ్మే లినెన్ దొరుకుతుంది. వంద శాతం లినెన్ అని అడిగి తీసుకోండి, చారలూ పూలూ లేనిది, తెలుపు లేదా ముడి రంగుది.

మగవాళ్లకు కావలసినవి: మోకాలి పైదాకా వచ్చే లినెన్ లోచొక్కా, వదులైన లినెన్ నిక్కరు లాంటి లోదుస్తు, దాని నడుముకు తాళ్లతో కట్టుకునే ఉన్ని కాళ్లతొడుగులు, పైన ఉన్ని అంగీ, మెడ చుట్టూ భుజాల దాకా పరుచుకునే టోపీ, తోలు బెల్టు. కాళ్లతొడుగులు ఎడమకు ఒకటి, కుడికి ఒకటి విడిగా ఉంటాయి. వంగి కూర్చుంటే తాళ్లు పట్టేసి పిర్రల దగ్గర చిరుగుతాయి, కాబట్టి గుడ్డను ఏటవాలుగా కత్తిరించి కుట్టాలి. ఈ ఒక్క సంగతి టైలర్‌కు చెప్పకపోతే కుట్టుకూలి దండగ. ఆడవాళ్లకు పాదాల దాకా లినెన్ లోగౌను, పైన ఉన్ని గౌను, పెళ్లయిన ఆడవాళ్ల వేషమైతే తలకు తెల్లని లినెన్ గుడ్డ.

లోపలి కుట్లు మెషిన్ మీద వేసినా చాలా చోట్ల చూసీ చూడనట్టు వదిలేస్తారు. పైకి కనిపించే అంచులు, మెడ, కాజాలు మాత్రం చేతికుట్టే ఉండాలి. చేతికుట్టు, కాజాలు చక్కగా వేసే పనివాళ్లు మన ఊళ్లలో ఇంకా ఉన్నారు, ఈ విషయంలో మనం అదృష్టవంతులం. బృందం పంపిన కొలతల బొమ్మ ప్రింటు తీసి పట్టుకెళ్లండి. ఫోన్‌లో ఫొటో చూపిస్తే ఆయన తనకు తెలిసిన కుర్తా కుట్టేస్తాడు.

చెప్పులు ఇక్కడ చేయించే ప్రయత్నం చేయొద్దు. ఆ కాలపు తోలు బూట్లు లోపలివైపు బయటికి పెట్టి కుట్టి, తర్వాత తిరగేస్తారు. అలా చేసేవాళ్లు పోలండ్‌లో ఉన్నారు, మీ పాదం గీత గీసి పంపితే సరైన జత బృందం ద్వారా తెప్పించుకోవచ్చు. వాటి అడుగు నున్నగా ఉంటుంది, తడి గడ్డి మీద జారుతుంది. మొదటి పూట మెల్లగా నడవండి.

కళ్లజోడు ఉన్నవాళ్లు లెన్సులు అలవాటు చేసుకోవాలి. చేతి గడియారం, ముక్కుపుడక, గోళ్లరంగు, మణికట్టుకు కట్టిన ఎర్రదారం, అన్నీ ఎవరో ఒకరి కంట పడతాయి. తీయలేనిది ఏదైనా ఉంటే బట్ట కింద దాచుకోండి, చాలు. ఫోన్ బెల్టుకు వేలాడే తోలుసంచిలో పడుంటుంది.

కవచం, కత్తి

పోరాడే అర్హత ఉన్నవాళ్ల కోసం మాత్రమే ఈ నాలుగు మాటలు. మీరట్, డెహ్రాడూన్ వైపు ఇలాంటి కవచాలూ కత్తులూ తయారుచేసి యూరప్, అమెరికాలకు ఎగుమతి చేసే సంస్థలు ఉన్నాయి. మన దేశంలోనే చవగ్గా వస్తాయి కదా అని గోడకు తగిలించుకునే అలంకారపు సరుకు కొనకండి. పల్చని రేకుతో చేసిన శిరస్త్రాణం నిజమైన దెబ్బకు సొట్టపడుతుంది, తల లోపలే ఉంటుంది. కొనేముందు రేకు మందం ఎంత, 1410 కాలానికి సరిపోతుందా అని ఫొటో పంపి బృందాన్ని అడగండి.

మొదటి శిరస్త్రాణంగా ముఖం మూసే రకం వద్దు. సన్నని చీలికలోంచి చూడాలి, పక్కన ఏముందో తెలియదు, చెమట కంట్లో పడితే తుడుచుకునే దారి లేదు, మీ ఊపిరి చప్పుడు తప్ప ఇంకేదీ సరిగా వినిపించదు. అంచులు పరుచుకున్న ఇనుప టోపీ రకం కొత్తవాళ్లకు నయం. దూది కుక్కి కుట్టిన మందపాటి కోటు లేకుండా దేన్నీ పైన వేయనివ్వరు. దెబ్బను ఆపేది అదే, ఇనుము కాదు. గొలుసు చొక్కా ఒక్కటే పది కిలోల దాకా ఉంటుంది. ఇంట్లో సాధన చేయాలనుకుంటే సంచిలో బరువేసుకుని ఎండపూట నడవండి, మెట్లు ఎక్కండి.

కత్తులకు పదును ఉండదు, అంచు మందంగా, మొన గుండ్రంగా ఉంటుంది. పొడవకూడదు, ముఖం మీద కొట్టకూడదు అన్నవి దాదాపు అందరూ పాటించేవి. మిగతావి ఆ ఏటి నియమాల్లో చదువుకోండి. కర్రసాము వచ్చినవాళ్లకు అడుగు వేయడంలో లాభం ఉంటుంది, కానీ ఆ వేగం, ఆ తిప్పుడు అక్కడ పనికిరావు. బలం అణుచుకుని కొట్టడమే అక్కడి నేర్పు.

కత్తి మాత్రం ఇక్కడినుంచి మోసుకెళ్లకండి. విమానాశ్రయంలో వివరించుకోవడం, కస్టమ్స్, బరువు, అన్నీ తలనొప్పులే. అక్కడ బృందం దగ్గర అరువు తీసుకోండి. శిరస్త్రాణమో గొలుసు చొక్కానో తీసుకెళ్లాల్సి వస్తే చెక్-ఇన్ లగేజీలోనే పెట్టండి, పైన బృందం పంపిన ఉత్తరం కాపీ ఒకటి ఉంచండి. ఎక్స్‌రేలో ముద్దలా కనిపించే ఇనుప గొలుసును చూసి పెట్టె తెరిచేవాళ్లకు ఆ కాగితం పని సులువు చేస్తుంది.

వీసా, ఇన్సూరెన్స్

పోలండ్ షెంజెన్ దేశం, అంటే ఒకే వీసా మీద తిరగగలిగే యూరప్ దేశాల్లో ఒకటి. ఎక్కువ రోజులు ఉండే దేశం పోలండే కాబట్టి వీసా వాళ్లకే పెట్టాలి. ప్రయాణానికి 6 నెలల ముందు నుంచి దరఖాస్తు చేసుకోవచ్చు, ఆలస్యమైనా 15 రోజుల ముందు పెట్టాలి. కానీ జూలై అంటే యూరప్‌కు అందరూ వెళ్లే కాలం, అపాయింట్‌మెంట్లు దొరకవు. మార్చి, ఏప్రిల్‌లోనే పని ముగించండి. పెద్దవాళ్లకు వీసా రుసుము 90 యూరోలు, సెంటర్ ఛార్జీలు వేరే. వైద్య ఖర్చులకు కనీసం 30,000 యూరోల ఇన్సూరెన్స్ తప్పనిసరి. పాస్‌పోర్టు గడువు తిరిగొచ్చే తేదీ తర్వాత కనీసం 3 నెలలు ఉండాలి.

వెళ్లే కారణం దగ్గర ఉన్నది ఉన్నట్టు రాయండి: పర్యాటకం, చారిత్రక ఉత్సవంలో జీతం లేకుండా పాల్గొనడం. నమోదు అయినట్టు వచ్చిన మెయిల్, బృందం ఇచ్చిన ఆహ్వాన లేఖ జతచేయండి. రాత్రిళ్లు గుడారంలో ఉంటారు కాబట్టి బస చిరునామా దగ్గర ఆ లేఖ చాలా అవసరం. మిగతా రోజులకు హోటల్ బుకింగులు పెట్టండి. స్నేహితులంతా ఒకేసారి పెట్టినా ఎవరి ఫైలు వారిదే. ఒకరి బ్యాంక్ స్టేట్‌మెంట్ మీద నలుగురు వెళ్లిపోదాం అనుకోకండి. నలుగురిలో ఒకరికి వీసా రాకపోతే మిగతావాళ్లు వెళ్లాలా వద్దా అన్నది ముందే మాట్లాడుకోండి. ఫలితం వచ్చాక మాట్లాడుకుంటే స్నేహాలు చెడతాయి.

ఇన్సూరెన్స్ కాగితంలో చిన్న అక్షరాలు చదవాలి. ప్రమాదకరమైన ఆటలకు వర్తించదు అనే వాక్యం చాలా పాలసీల్లో ఉంటుంది. కొనేటప్పుడే చేయబోయేది చెప్పి, వర్తిస్తుందని రాతలో తీసుకోండి. నీళ్లు మోసేవాళ్లకు కూడా ఇది అవసరమే, గుర్రాలు అందరి పక్కనుంచీ పరిగెడతాయి.

జర్మనీలో చదువుకునే స్నేహితుడు రెసిడెన్స్ పర్మిట్ మీద పోలండ్‌కు వేరే వీసా లేకుండా రావచ్చు. సరిహద్దులో తనిఖీలు ఉండొచ్చు కాబట్టి కార్డుతోపాటు పాస్‌పోర్టూ జేబులో ఉండాలి.

దారి

ఢిల్లీ నుంచి వార్సాకు పోలండ్ వారి లాట్ విమానం నేరుగా ఉంది, హైదరాబాద్ నుంచి అయితే గల్ఫ్ మీదుగానో ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగానో మారాలి. వార్సా నుంచి మైదానం దాదాపు 200 కిలోమీటర్లు. రైల్లో ఓల్‌స్టిన్ దాకా వెళ్లి అక్కడినుంచి బృందం కారులో ఎక్కవచ్చు. సొంతంగా కారు తీసుకుంటే ఎస్7 రోడ్డు ఓల్‌స్టినెక్ దాకా తీసుకెళ్తుంది. ఆర్టీఏ ఆఫీసులో ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ తీసుకుని మన లైసెన్సుతో కలిపి పెట్టుకోండి. అక్కడ కుడివైపు నడపాలి, పగలు కూడా లైట్లు వేసుండాలి. మద్యం పరిమితి రక్తంలో 0.02 శాతమే, అంటే ముందురాత్రి శిబిరంలో తాగినవాడు పొద్దున బండి తీయకూడదు.

శనివారం యుద్ధం కదా అని శుక్రవారం దిగకండి. బుధ, గురువారాల్లో చేరుకుంటే గుడారాలు వేయడంలో చేయి వేయవచ్చు, తనిఖీలో ఏదైనా కాదన్నా సరిచేసుకునే టైం ఉంటుంది.

శిబిరంలో

లినెన్ గుడారం, కింద గడ్డి, పైన ఉన్ని దుప్పటి. జూలైలో కూడా రాత్రి 10, 12 డిగ్రీలకు పడిపోతుంది, మనవాళ్లు వణికేది అక్కడే. లోపలికి ఎవరూ తొంగిచూడరు కాబట్టి స్లీపింగ్ బ్యాగు దుప్పటి కింద దాచుకుంటారు చాలామంది, మీరూ దాచుకోండి. పొద్దు రాత్రి 9 దాకా వాలదు, తెల్లవారుజామున నాలుగున్నరకే వెలుగొచ్చేస్తుంది, కళ్లకు గంత కట్టుకునే గుడ్డ ఉంచుకోండి. టాయిలెట్లు ప్లాస్టిక్ పెట్టెల రకం. టిష్యూ, సబ్బు మీ సంచిలో ఉండాలి.

వంట దగ్గర మనకు పెద్ద పరీక్ష. బంగాళాదుంప, టమాటా, మిరపకాయ అమెరికా ఖండం నుంచి వచ్చినవి, 1410లో అక్కడ లేవు. ఆ మాటకొస్తే కొండవీటి వంటింట్లోనూ లేవు, శ్రీనాథుడు తిన్న కూరలో కారం మిరియాలదే. మలబారు మిరియం వెనిస్ మీదుగా యూరప్‌లో డబ్బున్నవాళ్ల వంటల్లోకి చేరిన కాలం అది, కాబట్టి ఒక చిన్న సంచిలో మిరియాలు, శొంఠి పట్టుకెళ్తే వంట చేసేవాళ్లు సంతోషిస్తారు. మీ కానుకగానూ పనికొస్తుంది. కుండలో ఉడికేది బార్లీ, బఠానీ, క్యాబేజీ, ఉల్లి, వరిగలు. అవును, మన వరిగలే. వరిగల జావ పోలండ్‌లో ఎప్పటినుంచో ఉన్న తిండి, మన పెద్దవాళ్లు తిన్నదానికి దగ్గరగానే ఉంటుంది. శాకాహారులు ముందే గట్టిగా చెప్పాలి. కూరగాయల కుండలో పంది కొవ్వు వేయడం వాళ్లకు పోపు వేయడం లాంటిది, మాంసంగా లెక్కపెట్టరు.

ఆవకాయ లేనిదే ముద్ద దిగనివాళ్లు పొడులు, నూనె పచ్చళ్లు తీసుకెళ్లవచ్చు, గుడారంలో చాటుగా తినవచ్చు. మాంసం పచ్చళ్లు, నెయ్యి, పాలకోవా మాత్రం వద్దు. యూరోపియన్ యూనియన్‌లోకి బయటి దేశాల మాంసం, పాల పదార్థాలు తేనివ్వరు, విమానాశ్రయంలోనే పారేస్తారు.

ఇంకొకటి, చాలామంది తేలిగ్గా తీసుకునేది. ఆ ప్రాంతం గడ్డిలో, పొదల్లో పిడుదులు ఎక్కువ. మన పశువులకు పట్టే గోమార్ల జాతే, కాకపోతే అక్కడివి మనుషులకు లైమ్ వ్యాధిని, మెదడువాపును తెచ్చిపెట్టగలవు. రోజూ రాత్రి మోకాళ్ల వెనక, చంకల్లో, గజ్జల్లో, జుట్టు మొదళ్లలో చూసుకోండి, ఒకరి వీపు ఒకరు చూడండి. కనిపిస్తే సన్నని పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టి నిదానంగా పైకి లాగాలి. నూనె రాయడం, నిప్పు పెట్టడం చేయకూడదు. మెదడువాపు రకానికి టీకా ఉంది, వెళ్లేముందు డాక్టర్‌ను అడగండి.

యుద్ధం రోజు

పొద్దున తిని, నీళ్లు తాగడం మొదలుపెట్టండి. దాహం వేశాక తాగితే ఆలస్యం. కవచం వేసుకునేవాళ్లు ముందు టాయిలెట్‌కు వెళ్లి రావాలి, ఒకసారి తాళ్లు బిగించాక తీయడం అంత తేలిక కాదు. కవచం ఒంటరిగా వేసుకునేది కాదు. భుజం వెనక ముడి, మోచేతి మీద పట్టీ ఇంకొకరే కట్టాలి, అరగంట పడుతుంది. అందుకే మీ గుంపును జంటలుగా విడదీసుకోండి. కట్టినవాడే విప్పాలి, కట్టినవాడే ఆ మనిషి మీద రోజంతా ఓ కన్నేసి ఉంచాలి.

మూడు మాటలు బాగా నేర్చుకోండి. ‘స్తుయ్’ అంటే ఆగు, ‘ఊవాగా’ అంటే జాగ్రత్త, ‘వోదా’ అంటే నీళ్లు. స్తుయ్ వినిపిస్తే ఏం చేస్తున్నా చేతులు ఆగిపోవాలి. ఎవరికైనా నిజంగా దెబ్బ తగిలితే పిలిచే సైగ ఏమిటో మీ దళనాయకుణ్ని ముందురోజే అడిగి, మీరు చేసి చూపించండి. ఎమర్జెన్సీ నంబరు 112.

చనిపోవడం కూడా తెలియాలి. ఎప్పుడు పడాలో చాలాసార్లు మీ ఇష్టానికే వదిలేస్తారు, అలిసిపోతే పడిపోవడమే పెద్ద తెలివి. కానీ పడే చోటు చూసుకోవాలి. గుర్రాలు వచ్చే వైపు, ఇంకా కొట్టుకుంటున్న గుంపు వెనక పడకూడదు. పక్కకు ఒత్తిగిలి, మోకాళ్లు దగ్గరకు లాక్కుని, చేతులు లోపలికి పెట్టుకోవాలి. వెల్లకిలా చేతులు చాచి పడుకుంటే వేళ్ల మీద ఇనుప బూటు పడుతుంది. ఎండలో అలా పడుకుని ఉన్నవాళ్లకు కూడా నీళ్లు అందించేవాళ్లు వస్తారు, చచ్చిపోయినవాడు లేచి తాగితే జనం నవ్వుతారు కాబట్టి పడుకునే తాగడం అక్కడి మర్యాద.

మీరు ఏ పక్షాన ఉన్నా గెలిచేది యగియెవోనే. ఆర్డర్ పక్షంలో వేస్తే చిన్నబుచ్చుకోకండి, ఓడేవాళ్లకే మంచి ఘట్టాలు దక్కుతాయి.

అయిపోయాక

అరువు తీసుకున్న ప్రతి వస్తువూ తుడిచి ఇవ్వాలి. చెమట తగిలిన ఇనుము రాత్రికి రాత్రే తుప్పు పడుతుంది, పొడిగుడ్డతో తుడిచి నూనె చేయి వేయండి. గుడారాలు విప్పేదాకా ఉండండి. యుద్ధం ముగియగానే సంచి భుజాన వేసుకుని వెళ్లిపోయే విదేశీ అతిథిని మరుసటి ఏడాది పిలవరు.

ఒక రోజు చేతిలో ఉంటే మాల్బోర్క్ వెళ్లండి. ట్యూటానిక్ ఆర్డర్ రాజధానిగా ఉన్న ఎర్ర ఇటుకల కోట అది, 1997 నుంచి యునెస్కో జాబితాలో ఉంది. గ్రున్వాల్డ్‌లో గెలిచిన యగియెవో వారాల తరబడి ముట్టడించినా దాన్ని పట్టుకోలేకపోయాడు, గోడల పక్కన నిలబడితే ఎందుకో చూడగానే తెలుస్తుంది. ఆ ముట్టడిని కూడా జూలైలోనే అక్కడ ఆడతారు, సెలవులు ఎక్కువున్నవాళ్లు తేదీలు చూసుకుని రెండూ కలుపుకోవచ్చు.

వార్సాలో నేషనల్ మ్యూజియంలో యాన్ మతెయ్కో 1878లో పూర్తిచేసిన గ్రున్వాల్డ్ యుద్ధ చిత్రం ఉంది, దాదాపు 10 మీటర్ల వెడల్పు. జర్మన్లు రెండో ప్రపంచయుద్ధంలో దాని కోసం వెతికారు, పోలిష్‌వాళ్లు లుబ్లిన్ దగ్గర పాతిపెట్టి దాచారు. మైదానంలో తిరిగి వచ్చాక చూస్తే తెల్లని వస్త్రంలో కూలుతున్న ఉల్రిష్‌ను, మధ్యలో ఎర్రని దుస్తుల్లో విటౌటస్‌ను ఎవరూ చెప్పకుండానే గుర్తుపడతారు. మ్యూజియానికి సోమవారం సెలవు. ఆదివారం శిబిరం విప్పి సోమవారం వార్సా చేరేవాళ్లు తిరుగు విమానం బుధవారానికి పెట్టుకుంటే మంగళవారం తీరిగ్గా చూడవచ్చు.